హైస్కూలు గోడకు ఇద్దరు కాపలా

మా ఆయన చేతికి రంగు అంటని రోజు నేను చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఎద్దుల కొమ్ములకు రంగులు వేసేవాడు. తర్వాత లారీల వెనక నెమళ్ళు, సినిమా హాలు బోర్డులు, దర్గా గేటు మీద పూలతీగలు, గుడి గోపురం మీద బొమ్మలకు చీరలు. ఎలక్షన్లొస్తే గోడ రాతలు. పొద్దున ఒక వర్గానికి రాస్తే మధ్యాహ్నం రెండో వర్గానికి రాసేవాడు. ఇద్దరికీ వేరే కుంచెలు, వేరే బకెట్లు. అందుకే ఇద్దరూ ఆయన్ని సగమే నమ్మేవాళ్ళు.

ఫ్లెక్సీలొచ్చాక పని పడిపోయింది. కుంచెలు గూట్లో ఎండిపోయాయి. అప్పుడు గురజాల దాటాక ఒక ఊరి హైస్కూలు హెడ్మాస్టరు పిలిచి, రోడ్డు వైపు ప్రహరీ పొడవునా, మిరపకాయలు ఆరబోసే కల్లం బొమ్మ వేయమన్నాడు. పేరు రాయడం కాదు, గుర్తు వేయడం కాదు, బొమ్మ! ఆ మాట విన్న పూట మా ఆయన అన్నం కూడా సరిగా తినలేదు. ఆ గోడ చూసి నలుగురు పిలిస్తే సరే. లేకపోతే మా తమ్ముడి సిమెంటు కొట్లో బస్తాలు మోయడమే. రంగులు కలపడానికి నేనూ వెంట వెళ్ళాను.

మొదట్లోనే పొరపాటు జరిగింది. సున్నం ఆరగానే మా ఆయన అలవాటు కొద్దీ గోడ నాలుగు మూలలా రంగు గీతలు పెట్టాడు. మా వైపు ఎలక్షన్ల ముందు గోడ పట్టుకోవడమంటే అదే. మూలలు ఏ రంగైతే గోడ ఆ వర్గానిది, ఇంకొకరు దాని జోలికి పోకూడదు. డబ్బాలో మిగిలింది ఒక వర్గం జెండా రంగు. ఏ వర్గమో ఇప్పటికీ చెప్పను, ఆ ఊరి మీదుగా మేము మళ్ళీ తిరగాలి.

టీ తాగి వచ్చేసరికి గోడ ముందు జనం.

"ఏందయ్యా ఇది? బడి గోడ ఎవరికి రాసిచ్చావు?"

"కొలత కోసం గీశానన్నా."

"కొలతకి ఆ రంగే దొరికిందా? మేమేమన్నా గడ్డి తింటున్నామా?"

అవతలి వర్గం వాళ్ళు నవ్వుకున్నారు. ఆ నవ్వుతో అనుమానం ఇంకా గట్టిపడింది.

నాకూ అనుమానమే. ముందు రోజు, ఆ నవ్వినవాళ్ళలోనే ఒకాయన మా ఆయన్ని బండెక్కించుకుని తీసుకుపోయాడు. పక్కకు పిలిచి అడిగాను.

"ఏమయ్యా, నిజం చెప్పు. నీ అంతట నువ్వే గీశావా, గీయమన్నారా?"

"ఏమే, నువ్వు కూడానా?"

అది జవాబు కాదు. ఆయన ఎదురు ప్రశ్న వేశాడంటే సగం నిజం నోట్లోనే ఉన్నట్టు.

చివరికి హెడ్మాస్టరు ఒక దారి చెప్పాడు. మూలలు చెరిపేయాలి. బొమ్మ పూర్తయ్యేదాకా ఒక్కో వర్గం నుంచి ఒక్కో పెద్దాయన కాపలా కూర్చోవాలి. తేడా గీత కనిపిస్తే గోడంతా సున్నమే.

ముసలాళ్ళిద్దరూ బడి కుర్చీలు వేసుకుని, మధ్యన ట్రాక్టరు పట్టేంత ఎడం పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళిద్దరి మధ్యా ఏనాడో మాటలు పోయాయి. ఏమన్నా అనాలంటే మా ఆయన ద్వారానే.

"ఒరేయ్ పెయింటరూ, ఆకాశం వాళ్ళ జెండాలాగా అంత చిక్కగా ఏందిరా? తగ్గించు."

"పెయింటరూ, ఆయనకి చెప్పు. ఆకాశం ఎవరి అబ్బ సొత్తూ కాదని."

"ఆయన చెప్పాడని కాయలు అంత మందాన పోస్తే అడుగున బూజు పట్టదంటరా? ఆయనెప్పుడన్నా కల్లం చేస్తే గదా తెలిసేది!"

"చానా చేశాంలే అని చెప్పు."

మా ఆయన కాయలు పలచగా పరిచాడు.

అసలు చిక్కు మొహాల దగ్గర వచ్చింది. రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళలో మొదటి మొహం గీశాడో లేదో, ఒకాయన లేచాడు.

"ఇది వాళ్ళ మేనకోడలు గాదూ? ఆ ముక్కు చూడు!"

"మా పిల్లని కూలికి పంపే గతి మాకు పట్టలేదని చెప్పరా!" అని రెండో ఆయనా లేచాడు.

సున్నం బకెట్ వచ్చేసింది. మా ఆయన కుంచె తుడిచి పక్కన పెట్టేశాడు. ఆయన మొహం చూడలేక నేనే నోరు తెరిచాను.

"మిరపకాయల ఘాటుకి మూతికి గుడ్డ కట్టుకోకుండా కల్లంలో ఎవత్తి కూర్చుంటది బాబాయ్? అందరికీ గుడ్డలు కట్టేస్తే పోలా?"

ఇద్దరూ నా వైపు అనుమానంగా చూశారు. తప్పు మాత్రం పట్టలేకపోయారు. మా ఆయన అందరికీ ముక్కు పైదాకా గుడ్డలు కట్టాడు.

బొమ్మ పూర్తయ్యాక పెద్దమనుషులిద్దరూ గోడ ఈ చివర నుంచి ఆ చివరికి వంగి వంగి నడుస్తూ, గుడ్డల పైన మిగిలిన ఒక్కో జత కళ్ళనూ చూశారు. తమ ఊరివాళ్ళెవరూ దొరకలేదు. దొరకనందుకు ఇద్దరికీ కొంచెం నిరాశగానే ఉన్నట్టుంది. సున్నం బకెట్ వెనక్కి పోయింది. గోడ నిలిచింది. మా ఆయన బడి మెట్టు మీద కూలబడి బీడీ వెలిగించుకున్నాడు.

కుర్చీ మడుస్తూ మొదటాయన, అన్నాళ్ళలో మొదటిసారి, రెండో ఆయన వైపు తిరిగాడు.

"వీడు ఏదో దాచాడు."

"నాకూ అట్టానే ఉంది బావా," అన్నాడు ఆయన.

మాట్లాడుకుంటూ ఇద్దరూ కలిసి టీ కొట్టు వైపు నడిచారు. మమ్మల్ని పిలవలేదు.