బావి గాలిని కొలిచిన నరసయ్య గారు

నరసయ్య గారు ఇక లేరన్న వార్త గురువారం మధ్యాహ్నం నల్లగొండలోని మా కార్యాలయానికి చేరింది. నార్కట్‌పల్లి అవతలి పల్లెలో, లోతు చేస్తున్న ఒక బావిలోకి దిగి విషవాయువు పీల్చి మరణించారట. నేను నమ్మలేదు. ఆ వాయువు స్వభావం ఆయనకు తెలిసినంతగా జిల్లాలో మరెవరికీ తెలియదు. తెలిసి తెలిసి ఎలా దిగుతారని కబురు తెచ్చిన మనిషితో తగవు కూడా పెట్టుకున్నాను. అతడు చెప్పిందే మళ్లీ చెప్పాడు. అప్పుడు నమ్మక తప్పలేదు.

చౌటుప్పల్ దగ్గరి చేనేత కుటుంబంలో జన్మించి, రసాయనశాస్త్రం అభ్యసించి, కార్ఖానాలలోని గాలిని పరీక్షించే ఉద్యోగంలో చేరిన సౌజన్యమూర్తి ఆయన. ఆయన ఆయుధం వేలెడంత గాజు గొట్టం. రెండు కొసలూ మూసి ఉంటాయి, లోపల తెల్లని పొడి ఉంటుంది. కొసలు విరిచి, చేతితో నొక్కే చిన్న తిత్తికి తగిలించి గాలిని లాగితే, విషం ఉన్న కొద్దీ పొడి రంగు మారుతుంది. మరక ఎంత పొడవుంటే విషం అంత ఎక్కువ. ఒక గొట్టం ఒక్కసారికే పనికివస్తుంది. కొస విరిచేటప్పుడు ఆయన ఎవరినీ దగ్గరికి రానిచ్చేవారు కాదు. "జర దూరం నిలబడు, నీ బీడీ పొగ గూడ గొట్టంల కనబడ్తది" అని నన్ను తరిమేవారు. "గాలి తనంతట తాను ఏం చెప్పది, మనమే అడగాలె" అన్నది ఆయన తరచుగా చెప్పే మాట.

కార్ఖానాలతో ఊరుకుంటే ఆయన ఇవాళ మన మధ్య ఉండేవారు. వానలు మొహం చాటేసిన ఆ రెండేళ్లలో బావులు అడుగంటాయి. నీరు లోతుకు పోయినకొద్దీ ఆయిల్ ఇంజన్లను బావి లోపలి గట్టు మీదికి దించారు. పైన ఇంజను నీళ్లు తోడుతుంటే కింద మనుషులు బండ పగలగొట్టేవారు. పొగ పోయే దారి లేక లోపలే నిండేది. ఆ సంగతి విన్ననాటి నుంచి నరసయ్య గారికి ఆదివారాలు లేవు. సంచీ భుజాన వేసుకుని, సైకిలెక్కి బావుల వెంట తిరిగారు. మేము ఆయనను 'బావుల సారు' అని ఆటపట్టించేవాళ్లం. ఇప్పుడా మాట తలచుకుంటే సిగ్గేస్తున్నది.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. బావులు తవ్వే ముఠాకు పెద్ద ముత్తయ్య, తమ ఆచారం ప్రకారం లాంతరు వెలిగించి తాడుతో అడుగుకు దించాడు. కాసేపటికి పైకి లాగితే దీపం నిక్షేపంగా వెలుగుతున్నది.

"దీపం ఆరలే సారూ. మా తాతలకాంచి గిట్లనే చూసుకోని దిగుతున్నం" అన్నాడు.

నరసయ్య గారు గాజు గొట్టాన్ని పొడవాటి రబ్బరు గొట్టం కొసకు బిగించి లోపలికి వదిలి, పైనుంచి తిత్తి నొక్కారు. బయటికి తీసేసరికి తెల్లని పొడి సగానికి పైగా ముదురు రంగు తిరిగింది. "ఇంజను పొగల విషం దీపాన్ని ఏం జెయ్యది ముత్తన్నా, మనిషిని పండవెడ్తది" అన్నారు. ఇంజను ఆపించి, వేపమండల మోపును తాడుకు కట్టి పైకీ కిందికీ చాలాసేపు ఆడించారు. రెండో గొట్టంలో మరక కనబడీ కనబడనట్టు వచ్చాకనే వాళ్లను దిగనిచ్చారు. ఆ రంగును కళ్లారా చూశాడు గనుకనే ముత్తయ్య ఆగాడు.

ఒక్కో బావికి రెండు గొట్టాలంటే కార్యాలయం ఇచ్చిన పెట్టె ఎన్నాళ్లు వస్తుంది? మరిన్ని కావాలని ఆయన అర్జీ పెట్టారు. బావి కార్ఖానా కిందికి రాదు, కనుక గొట్టాలు ఇవ్వడం కుదరదని జవాబు వెళ్లింది. ఆ జవాబు రాసినవాణ్ణి నేనే. పైవారు చెప్పారు, రాశాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, "నీ దస్తూరి మంచిగున్నది" అని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట తిట్టి ఉంటే నాకింత బాధ ఉండేది కాదు.

ఆ గురువారం ఆయన సెలవు పెట్టి ఆ బావి దగ్గరికి వెళ్లారు. అక్కడ జరిగింది ముత్తయ్య చెప్పగా విన్నాను. నరసయ్య గారి సంచీలో తిత్తి ఉంది, గాజు గొట్టం ఒక్కటీ లేదు. ఇంజను ఆపి, పొద్దు వాలేదాకా ఆగమని బతిమాలారు. ఇంజను ఆపితే ఊట ఊరి, అప్పటిదాకా చేసిన పని మునుగుతుంది. ఊరికి తాగే నీళ్లకూ అదే బావి. "మొన్న రంగు జూపిస్తివి, ఆగినం. ఇయ్యాల ఏది సారూ?" అని ముత్తయ్య అడిగాడట. చూపడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. లాంతరు దించారు, వెలుగుతూనే వచ్చింది. ఇద్దరు దిగారు, ఇద్దరూ పడిపోయారు. నరసయ్య గారు ఇంజను ఆపించి, ఎవరు పట్టుకున్నా ఆగకుండా దిగారు. సైదులు అనే అతడి నడుముకు తాడు కట్టి పైకి పంపారు. అతడు దవాఖానలో కోలుకుంటున్నాడు. రెండోవాడికి తాడు కడుతూ ఆయన అక్కడే ఒరిగిపోయారు. ఆ రెండోవాడూ దక్కలేదు.

ఆ మహనీయునికి అంజలి ఘటించే అర్హత నాకున్నదో లేదో తెలియదు. ఆ ఉత్తరం రాసిన చేతితోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. ఆయన ఉద్యోగంలోకి ఇంకొకరు వస్తారు. సెలవునాడు సైకిలెక్కి బావుల వెంట తిరిగే మనిషి మాత్రం మళ్లీ రాడు.

దశాహం అయ్యాక ఆ పల్లెకు వెళ్లాను. పక్క చేనులో మరో బావి మీద పని మొదలైంది. ఇంజను ఆపి ఆగిన తరువాతనే దిగండని ముత్తయ్యకు చెప్పాను.

"ఆగుతం సారూ. ఎంతసేపు ఆగాలె?"

తెలియదన్నాను. ముత్తయ్య లాంతరు వెలిగించి, తాడు తీసుకుని బావి దగ్గరికి పోయాడు.