గోడకి గోల

మేముండే హిందీ ఊళ్లో, దేవేంద్ర నగర్‌లోని ఒక చిన్న స్టూడియోకి నేను ఇంటి నుంచే పని చేసేదాన్ని. కట్టబోయే హోటళ్లు ఎలా ఉంటాయో కంప్యూటర్‌లో ముందే చూపించే స్టూడియో అది. గోడలు, నేలలు నా వంతు. ఫోటో తీసి అతికిస్తే అదే మరక మళ్లీ మళ్లీ కనిపించి మోసం తెలిసిపోతుంది. అందుకే కంప్యూటర్ లెక్కకట్టి పుట్టించే చుక్కల అల్లికను వాడతాం. దాన్ని నాయిస్ అంటారు. దాని బలం, పరిమాణం, పొరలు కొంచెం కొంచెంగా మారుస్తూ పోతే చదునైన తెర మీద రాయి పుడుతుంది.

ఒక హోటల్ వాళ్లకి మా ఊరి దగ్గరి ఆరంగ్ గుడి గోడ లాంటి పాత రాయి కావాలి. అది నచ్చితే నన్ను పర్మినెంట్ చేస్తానని యజమాని మాటిచ్చాడు. పాపకి అప్పుడు ఎనిమిదో నెల. అది నిద్రపోయిన ముక్కల్లో పదకొండు రోజులు కూర్చుని ఆ గోడ చేశాను. పెద్ద మచ్చలు, వాటి మీద వాన చారలు, అన్నిటి మీదా ఇసుక గరుకు.

క్లయింటుకి చూపించే ముందు రోజు యజమాని వీడియో కాల్‌లో గోడ చూశాడు. పాప నా ఒళ్లో కేకలు పెడుతోంది.

"మేడమ్, నాయిస్ థోడా కమ్ కీజియే."

"జీ సర్" అన్నాను.

కాల్ అయ్యాక నాయిస్ బలం సగానికి తగ్గించాను. ఇసుక గరుకు తీసేశాను. రాయి సబ్బు బిళ్లలా తయారైంది. మనసు ఒప్పకపోయినా, చెప్పింది ఆయనే కదా అని పాత ఫైలు మీదే సేవ్ చేసి పంపేశాను.

మర్నాడు ఫోన్. "యే క్యా ప్లాస్టిక్ భేజ్ దియా?"

మీరే నాయిస్ తగ్గించమన్నారు అన్నాను.

"అరే మేడమ్, మైనే తో బచ్చీ కా బోలా థా."

ఆయన తగ్గించమన్నది పాప గోలట. పాప ఏడుస్తోంది అని అంటే నోరు పడిపోతుందా? మర్యాద కోసం ఇంగ్లీషు మాట వాడాడట. మర్యాద ఆయనది, తప్పు నాది. కొన్నాళ్లు బిడ్డను చూసుకోండి అంటూ నా గోడను, పిల్లలు లేని ఇంకో అమ్మాయికి ఇచ్చేశాడు.

మా అత్తయ్య విని నవ్వింది. "గోల సేసింది పిల్ల, నువ్వు తగ్గించింది గోడకా? గోడకి గోలేటే?" తర్వాత అడిగింది, "ఆయనకి పిల్లల్లేరేటి?"

"ఇద్దరున్నారు."

"మరి ఆలు ఏడవరా?"

"ఏడుస్తారు. ఆయన తలుపు వేసుకుంటాడు అత్తయ్యా."

నాలుగు రోజులకి ఆయనే ఫోన్ చేశాడు. ఆ అల్లిక ఒక అంకెతో మొదలవుతుంది. ఆ అంకె లేకపోతే అదే గోడ మళ్లీ రాదు. పాత ఫైలు మీదే నేను సేవ్ చేసేయడంతో కొత్తమ్మాయికి అది రావడం లేదు. అంకె, పొరల కొలతలు నా నోటుపుస్తకంలో మాత్రమే ఉన్నాయి. ఇలా అడుగుతాడని నాకు తెలుసు. పని తిరిగి నాకిస్తేనే చెబుతానని అనాలి. గిన్నెలు తోముతూ ఆ మాట హిందీలో ఎన్నిసార్లు అనుకున్నానో.

"బిటియా కైసీ హై?" అని ముందు పాప ఎలా ఉందో అడిగాడు.

"అచ్ఛీ హై సర్" అన్నాను. ఆ గొంతుతోనే కొలతలన్నీ చదివేశాను, చివర అంకెతో సహా. నేను ఉన్‌సఠ్, యాభై తొమ్మిది అని చెబితే, ఆయన ఉన్‌హత్తర్, అరవై తొమ్మిది అని పైకి అంటూ రాసుకున్నాడు.

"నహీ సర్, పాంచ్ నౌ" అని నేనే సరిదిద్దాను.