తోడికోడలు ఇచ్చిన ఆకు

2002లో చిలమత్తూరు దగ్గర మా ఊళ్లో నేను చాకీ కేంద్రం నడుపుతుండేదాన్ని. పట్టుపురుగుల గుడ్లు పొదిగించి, పిల్లపురుగులు రెండో మోల్టింగ్ దాటేదాకా, అంటే రెండుసార్లు పొర విడిచేదాకా సాకి రైతులకిచ్చే పని అది. బడి మొహం చూడని నాకు అక్షరాలు నాయన నేర్పారు, ఈ విద్య అత్త నేర్పింది. ఇద్దరికీ, ఆ పైన దేవుడికీ రుణపడి ఉన్నాను.

ఒకరోజు పొద్దున్నే పక్క ఊరి నాగరత్న నెత్తిన ఆకుమోపుతో వచ్చింది. నా దగ్గర తీసుకుపోయిన పురుగులు ఆమె షెడ్డులో పెద్దమేతకు, అంటే గూడు కట్టేముందు ఎడతెగకుండా తినే దశకు వచ్చాయి. సరిగ్గా అప్పుడే బోరు ఎండి ఆమె తోట వాడిపోయింది. తోడికోడలు సుజాత తన తోటలోని మల్బరీ ఆకు ఇచ్చింది. భాగాలు పంచుకున్నప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"అడక్కుండానే ఇచ్చిందక్కా! నామీద అంత ప్రేమ యాడిది దానికి? మందు కొట్టిన ఆకే ఇది. వాసన వస్తాండాది, సూడు."

పురుగుమందు తగిలిన ఆకు తింటే పట్టుపురుగులు తల ఊపుతూ, పచ్చటి నీళ్లు కక్కుతూ తట్టలకు తట్టలే చచ్చిపోతాయి. మేత వేయకపోయినా పోతాయి. ఆ ఇంటికి ఆధారమంతా ఆ పంటే. అందుకే ఆమె మాట కొట్టిపారేయలేకపోయాను. వాసన చూస్తే నాకూ ఏదో తగిలినట్టే అనిపించింది. పురుగులు పోతే చాకీ బాగాలేదని నన్నే అంటారన్న భయం కూడా పట్టుకుంది.

"మందు కొట్టేది సూసినావా?"

"లే."

"ఎవరన్నా చెప్పినారా?"

"ఎవురు చెప్తారు? వాళ్ల వాకిట్లో స్ప్రేయర్ కడిగి బోర్లించింటే సూసినా."

"టమేటాకు కొట్టినారేమోలే."

"ఏమక్కా, నువ్వు దాని పక్క మాట్లాడతాండావే!"

స్ప్రేయర్ చూసిన మాట నిజం. తక్కినదంతా మేమిద్దరం దానికి కలుపుకున్నది. మా తోట ఆకు గుప్పెడు తెచ్చి, ఆమె ఆకు పక్కన పెట్టి, కళ్లు మూసుకుని వాసన చూడమన్నాను.

"ఇదే! ముక్కు పగిలిపోతాంది" అంటూ మా ఆకును తోసేసింది. కళ్లు తెరిచి చూసి, "నువ్వూ మందు కొట్టినావా?" అంది.

నవ్వలేకపోయాను. ఇందాక నా ముక్కు కూడా అలాగే మోసపోయింది కదా. "మన ముక్కులొద్దు, పురుగునే అడుగుదాం పా" అన్నాను.

మా తోట ఆకు కోసుకుని నాగరత్న షెడ్డుకు పోయి, తట్టలకు ఆ పూటకు సరిపడా వేశాం. కొన్ని పురుగులను మాత్రం వేరుచేసి సుజాత ఆకు పెట్టాం. ఒక పురుగు తల ఎత్తితే చాలు, "సచ్చె!" అని నాగరత్న కేక.

"ఊపుతాందా, ఊరికే ఎత్తిందా? బాగా సూసి చెప్పు."

"...ఊరికే."

పొద్దు వాలేసరికి ఈనెలు తప్ప ఆకు మిగల్లేదు. పురుగులు నిగనిగలాడుతున్నాయి. దేవుడికి దండం పెట్టుకున్నాను. నాగరత్న మోపు విప్పి అన్ని తట్టలకూ పరుస్తూ, "ఈ పొద్దు మంచిదే ఇచ్చింది, సరే. రేపు?" అంది.

"రేపు కూడా కొన్నిటికి వేసి సూడు."

మర్నాడు టిఫిన్ డబ్బాలో నాలుగు పురుగులు వేసుకుని సుజాత తోటకే పోయిందట, గట్టు మీదే తినిపించి చూడటానికి. సుజాత ఏమని తిట్టిందో చెప్పలేదు. ఆకు మాత్రం తెచ్చుకుంది, పురుగులు గూళ్లు చక్కగా కట్టాయి.

మా పనిలో అనుమానం లేనివాళ్లు నిలవలేరు. భయం వేసినప్పుడు చూసింది ఎంత, కలుపుకున్నది ఎంత అని నన్ను నేను అడగడం ఆరోజే నేర్చుకున్నాను. నాగరత్న అనుమానం ఎప్పటికీ పోలేదు. కాకపోతే, దానికోసం పురుగులను పస్తు పెట్టడం మానేసింది.