క్లాసు లీడరు ఇంటి గోడ

2017 నవంబరులో నన్ను ఒడిశాలో రాయగడ నుంచి లక్ష్మీపూర్ వైపు పాత కట్టడాల సర్వేకి వేశారు. అప్పటికి నేను జూనియర్ సర్వే ఆఫీసరుని. పైన సూపరింటెండెంటు, కింద జీపు డ్రైవరు, అంతే నా సామ్రాజ్యం. కట్టడాన్ని చూడాలి, కొలవాలి, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి, దాని వయసుకి ఋజువేమిటో ఫారంలో రాయాలి. ఋజువుంటే రక్షిత జాబితాకి సిఫారసు. లేదంటే వట్టి పాత కొంప కింద లెక్క.

నా వంతుకొచ్చిన ఒక పెంకుటిల్లు రోడ్డు వెడల్పు చేసే గీతలో ఉంది. అరుగు స్తంభం మీద ఎర్ర రంగుతో గుర్తు కూడా పెట్టేశారు. జాబితాకెక్కితే రోడ్డు పక్కకి తిరుగుతుంది, లేకపోతే ఇల్లు పోతుంది. అందులో ఉన్నది సునందమ్మగారు, రిటైరైన నర్సు, ఒంటరి మనిషి. ఆవిడ తాతగారు తెల్లదొరల కాలంలో విజయనగరం వైపు నుంచి మెథడిస్టు క్రైస్తవ బోధకుడిగా కొండలెక్కి వచ్చారట. తొలినాటి మెథడిస్టుల్లో క్లాసు మీటింగని ఉండేది. పదిమందో పన్నెండుమందో వారానికోసారి ఒక ఇంట్లో చేరాలి. ఆ వారం ఎవరి బతుకు ఎలా నడిచిందో లీడరు ఒక్కొక్కరినీ అడగాలి, వచ్చినవాళ్ళకి హాజరు వేయాలి. ఇక్కడ లీడరు తాతగారే. పుస్తకం దొరకలేదో, దొరికితే చెదలు తినేసిందో, ముందుగది సున్నపు గోడ మీద మేకుతో పేర్లు గీసి, ఒక్కో వారానికి ఒక్కో గీత పెట్టారు. తెలుగువాళ్ళ పేర్లూ, దేశియా అనే కొండవాళ్ళ పేర్లూ ఒకే వరసలో. పైన సంవత్సరం.

ఇదంతా నాకు దరఖాస్తు వల్ల తెలిసింది. చర్చి టీచరొకాయన పంపారు, సెల్‌ఫోన్ ఫొటో జతచేసి. ఫొటో మసగ్గా ఉంది, సంవత్సరం చదవడానికి వీల్లేదు. ఎలాగూ ఫొటో ఋజువు కాదు, ఆఫీసరు కళ్ళతో చూడాలి. చూడ్డానికి వెళ్ళేముందు పదిరోజుల గడువిచ్చి నోటీసు పంపాలి. పంపాను. అచ్చు ఫారమే, ఆఖరి వాక్యంతో సహా: ఆవరణను శుభ్రముగా, పరిశీలనకు అనువుగా ఉంచవలెను. సంతకం నాది.

గుమ్మంలో అడుగు పెట్టగానే పచ్చి సిమెంటు వాసన. ముందుగది నాలుగు గోడలూ నున్నగా, వాటి మీద తెల్లటి రంగు.

పేర్లున్న గోడ ఏదని అడిగాను. సునందమ్మగారు సంతోషంగా చూపించారు. "అదేనమ్మా. అంతా మసి, గీతలు. మేస్త్రీని పెట్టి సేయించేను."

సిమెంటు పట్టాలంటే పాత సున్నపు పూతని మేస్త్రీ ముందు రాల్చేస్తాడు. రాల్చిన పెళ్ళలేవి అంటే, పెరటి గుంటలో పోసి నీళ్ళు కొట్టేశాడని చెప్పారు. వెళ్ళి చూశాను. బురద.

నాకు నోరు జాస్తి, ఆగలేదు. "ఆ గీతల కోసమే కదండీ నేనొచ్చింది? ఎవరు చెయ్యమన్నారు?"

"మీరే కదా రాసేరు, శుబ్బరంగా ఉంచమని. ఇనస్పెక్షనంటే ఏటో నాకు తెల్దా? ఆస్పత్రిలో బతుకంతా అదే కదా. ఆఫీసరొస్తన్నాడంటే గోడ తెల్లగుండాల. మరక కనబడితే తిట్లు సిస్టరుకే." తర్వాత చిన్న గొంతుతో అన్నారు: "ఫొటోలో సూసేరు గదమ్మా. ఇక్కడే సూసేనని రాసీండి. ఎవులడుగుతారు?"

నిజమే, ఎవరూ అడగరు. డ్రైవరు కూడా అదే అన్నాడు. నేను కొలతలు వేసి, ఋజువు గడిలో "కనిపించలేదు" అని రాశాను. దాని కింద కారణం కూడా రాశాను: మన నోటీసు అందుకుని ఇంటివారు గోడకి పూత వేయించారు. సూపరింటెండెంటు మొదటి వాక్యం ఉంచి రెండోది కొట్టేశారు. ఎందుకని అడిగితే, కారణాలకు ఫారంలో గడి లేదన్నారు. గడి లేకపోతే గీయండి, స్కేలు నేనిస్తానన్నాను. వారంలో ఆ మాటకి నాకు మెమో వచ్చింది. ఇల్లు జాబితాకెక్కలేదు.

మరుసటి వేసవిలో పడగొట్టారు. సునందమ్మగారు రాయగడలో చెల్లెలి కూతురి ఇంట్లో ఒక గదిలోకి చేరారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. టీ ఇచ్చారు. "నువ్వు ఒక్క ముక్క రాసుంటే సరిపోయీది గదమ్మి" అన్నారు. కోపంగా కాదు, బీపీ ఎంతుందో చెప్పినట్టు.

ఆ తర్వాత, స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా, ముందు వెళ్ళి ఫొటోలు తీసుకుని, ఆ పైన నోటీసు పంపేదాన్ని. ఇది నిబంధనలకి విరుద్ధం. ఇంకో రెండు మెమోలు తిన్నాను. మా నిబంధన రాసినవాళ్ళకి కట్టడాల సంగతి తెలుసు, అందులో కాపురముండేవాళ్ళ సంగతి తెలియదు. సర్కారు మనిషి వస్తున్నాడంటే మా ప్రాంతంలో ఏ ఇల్లూ ఉన్నది ఉన్నట్టు ఉండదు. అది మర్యాద. ఆ మర్యాద వల్ల మనకి కావలసిందే పోతుందని ముందుగా ఊహించవలసింది సర్వే ఆఫీసరు. నేను ఊహించలేదు.