ధాన్యం తొక్కలేక నడిరోడ్డెక్కాను

అక్కయ్యా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? సుజాతా, బీపీ మాత్రలు వేసుకుంటున్నావా? మరిదిగారి దగ్గు ఎలా ఉంది?

కోతలప్పుడు పెదపారుపూడి రోడ్డు మీద నడుస్తుంటే నన్ను కారు గుద్దింది కదా. నష్టపరిహారం కోసం ఈ రోజు గుడివాడలో లాయరమ్మగారి దగ్గరికి వెళ్ళాను. కాల్లో రాడ్డు తీయించుకోవాలంటే ఆ డబ్బే దిక్కు. నడిరోడ్డున నడిచావు కాబట్టి నీకేమీ రాదని ఆ కారాయన అన్నప్పటినుంచి నాకు కునుకు లేదు.

"పక్కన నడవకుండా మధ్యకెందుకెళ్ళారు మామ్మగారూ?" అని ఆవిడ అడిగారు.

"పక్కంతా ధాన్యం ఆరబోశారండీ. తినే గింజల్ని చెప్పులతో ఎలా తొక్కనండీ?"

ఆవిడ నవ్వారు. "ఈ మాటే రాస్తాను. మనుషుల్ని చూసుకుని నడపాల్సింది బండివాళ్ళే. మీ తప్పు కొంత ఉందన్నా పరిహారం తగ్గిస్తారేమో గానీ, అసలు లేకుండా పోదండీ."

తిరుగు బస్సులో ఒళ్ళెరక్కుండా నిద్రపోయి మా స్టాపు దాటిపోయాను!

మీరైతే ధాన్యం తొక్కేవారా? నిజం చెప్పండి.

కారు గుద్దిన చోట నాతో కలిసి నడిచి చూస్తానన్నారు లాయరమ్మగారు. ఆవిడకి ఏ బండీ తగలకూడదని నాకప్పుడే బెంగ మొదలైంది. ఆవిడ వచ్చేది గురువారం, పొద్దున తొమ్మిదింటికి.