పాప ఒలకబోయని బత్తాయి రసం

యానాం నుంచి పుదుచ్చేరికి వచ్చాక మావారు ఒక పాత డీజిల్ పికప్ కొన్నారు. వైతికుప్పంలో చేపల పడవలకు ఐసు తోలడమే మా జీవనం. ఈ ఎండాకాలం దాని ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటు తరిగిపోసాగింది. కింద చుక్క కారేది కాదు, అయినా వారానికి లీటరు మాయం! తట్టాంచావడి మెకానిక్ మునుసామన్న గొట్టాలు, మూత మార్చి, చివరికి ఇంజన్ విప్పాల్సిందేనన్నాడు.

ఆ రోజుల్లోనే బండిలో మా నాలుగేళ్ల పాప కూర్చునే చోట కాళ్లకింద మ్యాటు తీపి వాసనతో జిగటగా తడిసేది.

"మళ్లీ బత్తాయి రసం ఒలకబోశావా?" అని కసిరేదాన్ని.

"నేను కాదమ్మా" అని ఏడ్చేది. ఒకసారి దెబ్బ కూడా వేశాను.

ఇంజన్ విప్పే రోజు షెడ్డు ముందే మ్యాటు తుడుస్తూ పాపను తిడుతున్నాను. మునుసామన్న వంగి వాసన చూశాడు.

"రసం యాడమ్మా? ఇది కూలెంటు! చలికి వేడిగాలి ఇచ్చే హీటరులోనూ ఇదే పారతాది, అది పగిలి బండి లోపలే కారతా ఉండాది. ఈ ఉక్కలో హీటరు ఎవురికి గుర్తుంటాది? పాపను చెయ్యి పెట్టనీబాక, విషం."

గబుక్కున పాప చేతులు పట్టుకున్నాను.

"వేలు నోట్లో పెట్టుకున్నావా?" అని అడిగాను.

"ఛీ! అది చెప్పులు పెట్టే చోటు కదా!" అంది పాప.

షెడ్డులో అందరూ నవ్వారు. నేను మాత్రం దాన్ని హత్తుకుని ఏడ్చేశాను.

కూలెంటు హీటరులోకి వెళ్లకుండా గొట్టాలు మళ్లించాక మరి తగ్గలేదు. పాప మాట నమ్మి ఉంటే బండి నెల ముందే బాగయ్యేది. ఇప్పుడు నిజంగా రసం ఒలికితే తనే పరుగెత్తుకొచ్చి, "ఇది మాత్రం నేనేనమ్మా" అంటుంది గర్వంగా.