మిషన్ ఆపిన వారాలు

మా పాపకు అప్పుడు తొమ్మిదేళ్లు. పగటిపూట మూత్రం ఆపుకోలేకపోయేది, మలబద్ధకమూ ఉండేది. చిక్కడపల్లిలోని బడికి వెళ్లేటప్పుడు సంచి అడుగున మార్చుకునే బట్టల కవరు తప్పేది కాదు. బడివాళ్లు మరో మూడు నెలల్లో పిల్లలను బస్సులో విహారయాత్రకు తీసుకెళ్తామన్నారు. ఆ కవరు లేకుండా వెళ్లాలన్నది పాప పంతం.

నారాయణగూడలోని ఫిజియోథెరపిస్టు ఒక చిన్న మిషన్ ఇచ్చారు. నడుము కింది భాగాన రెండు పట్టీలు అతికించి, సన్నని కరెంటుతో మూత్రాశయపు నరాలను ఉత్తేజపరచాలి. రోజూ అరగంట. అదే వారం డాక్టరు విరేచనం సాఫీగా కావడానికి పొడి ఇచ్చి, రెండు గంటలకోసారి బాత్‌రూముకు పంపమన్నారు. నెల తిరిగేసరికి తడిసే రోజులు తగ్గాయి. మూడింటిలో ఏది పనిచేసింది? ఇలా మూడూ కలిపి మొదలుపెడితే ల్యాబులో నా విద్యార్థులనైతే మందలించేదాన్ని.

అందుకే ఎవరికీ చెప్పకుండా ఒక వారం మిషన్ నడిపి, మరో వారం పట్టీలు మాత్రం అతికించి ఆపేసి ఉంచుతూ వచ్చాను. ఆపిన వారాల్లోనూ పాప తడవలేదు. మిషన్ వట్టిదని నోటుబుక్కులో రాయబోతున్నాను.

యాత్రకు రెండు రోజుల ముందు, అశోక్‌నగర్‌లోని మా ఇంట్లో, పట్టీలు అతికిస్తుంటే మా అత్తమ్మ అడిగింది:

"చీమలు పాకుతున్నట్టుందా బిడ్డా?"

"లేదు నానమ్మా. అమ్మ ఈ వారం బంద్ పెట్టింది."

నా చేయి ఆగిపోయింది. "నీకెట్ల తెలుసు?"

"చీమలు రాకుంటే తెల్వదా? బంద్ పెట్టినప్పుడల్లా, తడిస్తే బస్సుల కవరు పెడతవని నీళ్లే తాగలే. గంటగంటకు బాత్‌రూంకు పోయిన."

"ఏం సైన్సు చదివినవే తల్లీ! పిల్లను ఎండబెట్టినవ్ గద," అంది అత్తమ్మ.

మలబద్ధకం ఉన్న పిల్ల నీళ్లు మానేసింది, నా లెక్క మూలంగా. ఏ వారం ఆపానో పాపకు తెలిశాక ఆ లెక్క కూడా దేనికీ పనికిరాదు. మర్నాడు ఫిజియోథెరపిస్టు "ఫాయిదా ఉందా మేడం?" అని అడిగితే, తెలియదన్నాను.

యాత్ర ఉదయం సీసా నింపి, తాగమన్నాను. నా వైపే చూస్తూ సగం తాగింది.

"మరి కవరు?" అన్నాను.

"వద్దు... నేను తడవనని నీకు ఎరుకనా?"

"లేదు."

సంచి నా వైపు తోసింది. "అయితే అడుగున పెట్టు. ఎవ్వరికీ కనబడొద్దు."

సాయంత్రం కవరు మడత విప్పకుండానే తిరిగి వచ్చింది. సీసా ఖాళీ. అది మిషన్ గుణమో, పొడి గుణమో, పాప పంతమో నాకు తేలలేదు. నోటుబుక్కులో తేదీ వేసి, ఏ గడిలో రాయాలో తోచక మూసేశాను.